వియ్యంతో వచ్చిన లోటు

హైదరాబాద్ అశోక్ నగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైగదిలో మా క్యారమ్స్ క్లబ్బు. నేను దానికి కోశాధికారిని. చందా అడుగుతానేమోనని సభ్యులు నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి పోయేవారు. నిజానికి క్లబ్బు నడిచింది జరిమానాల మీదే. ఆట మధ్యలో ‘మీవాళ్లు’ అంటూ ప్రాంతాల గొడవ తెచ్చినవాడు ఇరవై రూపాయలు కట్టాలని రూలు.

ఆ రూలును పోషించింది ఇద్దరే. ఒకాయన చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన హార్డ్‌వేర్ వ్యాపారి. రెండో ఆయన కాకినాడ నుంచి వచ్చి నారాయణగూడలో స్థిరపడ్డ రిటైర్డ్ ఆఫీసరు. ప్రాణస్నేహితులు. పచ్చళ్ల నుంచి పండగల దాకా దేనిమీదైనా కొట్లాడుకునేవారు. నెలాఖరున కిరాయికి తక్కువైతే ఇద్దరినీ ఒకే బోర్డు దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి.

అలాంటిది, వ్యాపారి కొడుక్కు ఆఫీసరు కూతురినిచ్చి పెళ్లి చేశారు. మర్నాటి నుంచి “మీరు కొట్టండి బావగారూ”, “అయ్యో, ముందు మీరు” మొదలైంది. ఆరు నెలలు జరిమానాల డబ్బాలో చిల్లిగవ్వ పడలేదు. నేను ఆవకాయ మాటెత్తి నిప్పు రాజేయబోతే, ఒకరి ఆవకాయను మరొకరు మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి కిరాయికి రెండు వేలు తక్కువ పడ్డాయి.

“ఒకటో తారీఖు లోపల ఇయ్యకుంటే రూము కోచింగ్ పిల్లలకిస్త సార్,” అన్నాడు ఓనరు.

వ్యాపారి దగ్గరికెళ్లి నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన నాకన్నా దిగులుగా ఉన్నాడు.

“నాగ్గూడ పరేషానే సార్. దోస్తు పోయి చుట్టం మిగిలిండు. క్లబ్బుల చుట్టరికం నడవదని జర రూలు పెట్టుండ్రి.”

పెట్టాను. సభ్యులందరూ సంతకాలు చేశారు.

ఆ సాయంత్రం ఆఫీసరు స్ట్రైకరు మీద వేలు పెట్టి చాలాసేపు గురి చూశాడు. కొట్టలేదు.

“రిసెప్షన్‌లో మీవాళ్లు పెట్టిన బగారా అన్నంలో ఉప్పే లేదురా!” అన్నాడు ఒక్కసారిగా.

మేమంతా చప్పట్లు కొట్టాం. నేను రసీదు పుస్తకం తీశాను.

“ఆర్నెల్లు కడుపుల పెట్టుకున్నవా?” అన్నాడు వ్యాపారి. “గప్పుడే చెప్తే ఉప్పు తెప్పిస్తుంటి గదరా!”

“ఆడపిల్ల తండ్రిని. ఎలా చెప్పనురా?”

చప్పట్లు ఆగిపోయాయి. వ్యాపారి జేబులోంచి నాలుగు ఐదొందల నోట్లు తీసి నా చేతిలో పెట్టాడు.

“వాడు ఎంత తిట్టినా నా లెక్కల రాయుండ్రి సార్.”