అప్ప నూలు, అప్ప నెత్తురు

మా అప్ప, అంటే మా పెద్దక్క, ఇక లేదు. కిందటి నెల పొందూరులో, తన రాట్నం పక్కనే కన్నుమూసింది. నాకు అమ్మ తర్వాత అమ్మ. పెద్దగా చదువుకోనివాణ్ణి, తప్పులుంటే మన్నించి చదవండి.

పత్తిని వాలుగ చేప దవడతో దువ్వేది. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి పత్తి మబ్బులా వచ్చేది. ఎవరొచ్చినా ఆమె చెయ్యి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు.

మా అమ్మాయి విశాఖలో ఒక ల్యాబులో కొత్త టీకాలు పరీక్షిస్తుంది. మనుషులకు వేసే ముందు, మనుషుల నెత్తురులోని రక్షణ కణాల మీద వేసి చూస్తారట. వయసు మళ్లితే ఆ కణాలు మందగిస్తాయట. అందుకని ముసలివాళ్ల నెత్తురు కావాలంది. మా వాళ్లందరూ జంకారు. అప్ప ఒక్కతే చెయ్యి చాపింది.

"ఒసే, నా నెత్తుట్లోకి రోగం వదుల్తావేటే?"

"రోగం కాదత్తా. క్రిమి తన ఒంటి నుంచి రాల్చే చిన్న చిన్న తిత్తులు. పైన క్రిమి గుర్తులుంటాయి, లోపల ప్రాణం ఉండదు. వాటిని చూసి నీ కణాలు మేలుకోవాలి."

"అయితే పాముని కాదు, కుబుసం సూపించి బెదిరిస్తావన్నమాట! ముసిల్దాని కణాలే అవి. లేస్తాయో లేవో సూసి సెప్పు."

ఆనాటి నుంచి ఫోను ఎత్తితే చాలు, "ఒసే, నా కణాలు కూడు తిన్నాయా?" అనేది.

"తిన్నాయత్తా, నువ్వు తిన్నావా?" అని నవ్వేది పిల్ల.

చివర్లో గొంతు పీలగా అయిపోయాక కూడా నన్ను దగ్గరికి పిలిచింది. "ఒరే తమ్ముడా, లేసాయటరా?" "ఇంకా తేలలేదటప్పా" అన్నాను.

దినం నాడు అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, లేచాయి! పెద్దవాళ్ల కణాలు కూడా గుర్తుపట్టాయి!" చుట్టాలందరి ముందూ ఏడుస్తూనే నవ్వేశాను. నా బంగారుతల్లి, నా కూతురు! ఇంకా చాలా పరీక్షలున్నాయంది. ఉండనీ!

"మరి అప్పవి?"

"తెలీదు నాన్నా. కొందరివి లేవలేదు. గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరివేవో నాకూ తెలియకూడదు."

మనసు చివుక్కుమంది. అప్పుడు అప్ప మాటే గుర్తొచ్చింది. ఒకసారి నాకు పంచె తెచ్చిస్తే, ఇందులో నీ నూలుందా అని అడిగాను.

"అందరి నూలూ కలిపి నేస్తార్రా. ఎవల్దేదో నేసినోడికే తెలీదు. సలవగా ఉన్నాదా లేదా? కట్టుకో."

ఈ నాలుగు ముక్కలూ ఆ పంచె కట్టుకునే రాస్తున్నాను. అంచు ఎత్తి వెలుతురులో పెడితే పోగులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వేళ్లు మాత్రం వెతుకుతూనే ఉన్నాయి.