యుద్ధకాలపు పంచదార

ఎదురింటి పెద్దావిడ ఇంట్లో ఎనభై ఏళ్ళుగా దాచుకున్న పంచదారని నేను పారేశాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. చివరిదాకా దాచితే, నా తప్పుని కథ చేసుకుని ముచ్చటపడుతున్నట్టు ఉంటుంది.

అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్ళో మా ఇంటికి ఎదురిల్లు ఆవిడది. తొంభైకి దగ్గరపడ్డ అమెరికన్, ఒంటరి మనిషి. తుంటి ఆపరేషన్‌కి వెళుతూ నాకు తాళం ఇచ్చింది. మూడు వారాలు ఉత్తరాలు తీసి లోపల పెట్టమంది, రెండు కుండీలకి నీళ్ళు పోయమంది. అంతకు మించి ఏమీ అడగలేదు. కానీ ఎవరింట్లో మురికి కనబడినా నా చేతులు ఊరుకోవు. మా ఆయన దీన్ని పెత్తనం అంటారు. నేను సాయం అనుకునేదాన్ని.

ఆవిడ తిరిగి రావడానికి రెండు రోజుల ముందు, ఆదివారం నాడు, వంటింట్లో చీమలు కనిపించాయి. ఇక నాకు పండగే. ఫ్రిజ్‌లో డేట్ దాటిన సీసాలు, బూజు పట్టిన బ్రెడ్ అన్నీ తీసేశాను. పై అరలో పళ్ళేల వెనక, మూత తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి దొరికింది. లోపల సగానికి పైగా పంచదార. పసుపు రంగుకి తిరిగి రాయిలా గట్టిపడింది. పాపం, మర్చిపోయి ఉంటుందనుకున్నాను. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే పెద్ద ముద్దగా ఊడివచ్చింది. చెత్త సంచిలో వేసి, ఆ సంచిని మా గరాజ్‌లో ఉన్న చెత్తడబ్బాలో పడేశాను.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఖాళీగా ఉండకూడదని మా అమ్మ నేర్పింది. ఆస్పత్రి నుంచి వచ్చే మనిషికి వట్టి డబ్బా ఎదురైతే ఏం బాగుంటుంది? ఆ డబ్బాని తోమి, తుడిచి ఆరబెట్టి, ఇండియన్ స్టోర్ పంచదార అంచుదాకా పోశాను. సాయంత్రం ఈ ఘనకార్యం చెబితే మా ఆయన టీవీ మ్యూట్ చేశారు.

“ఆవిడ మెయిల్ కలెక్ట్ చేయమంది. కిచెన్ క్లీన్ చేయమందా? ఒక్క టెక్స్ట్ పెట్టి అడగాల్సింది.”

మంచం మీదున్న మనిషిని చీమల గురించి ఎవరైనా అడుగుతారా అని ఆయన మీదే ఎగిరాను.

మంగళవారం ఆవిడ వాకర్ పట్టుకుని ఇంటికి వచ్చింది. నేను చారూ అన్నం తీసుకెళ్ళి, వంటిల్లంతా తిప్పి చూపించాను. డబ్బా మూత తీసి తెల్లటి పంచదార చూపించాను. పాతది ఎలా రాయైపోయిందో, దాన్ని ఎంత కష్టపడి పెకలించానో నవ్వుతూ చెప్పాను. ఆవిడ కాసేపు డబ్బాకేసి చూసింది. థాంక్స్ అని నా చెయ్యి నొక్కింది. నేను పొంగిపోతూ ఇంటికొచ్చాను.

రెండు వారాల తర్వాత ఆవిడకి కాఫీ కలుపుతూ ఆ డబ్బా తీయబోయాను. తను పంచదార వేసుకోనని చెప్పింది. మరి అంత పంచదార ఎందుకు పెట్టుకున్నారని ఊరికే అడిగాను. అప్పుడు చెప్పింది.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడ పంచదార రేషన్. మనిషికో కూపన్ల పుస్తకం, కూపన్ ఉంటేనే కొట్లో ఇచ్చేవాళ్ళు. ఆవిడకి అప్పుడు ఎనిమిదేళ్ళు. అన్న యుద్ధానికి వెళ్ళాడు. అతను తిరిగొచ్చిన రోజున పీచ్ పళ్ళు పెట్టి కాల్చే ‘పై’ అనే తీపి వంటకం చేసిపెట్టాలని వాళ్ళమ్మ తన కాఫీలో పంచదార మానేసి, పిల్లల వంతులోంచి కూడా చెంచాడు చెంచాడు మిగిల్చి ఆ డబ్బాలో పోసేది. ఈవిడ ఒకసారి వేలు తడిపి డబ్బాలో పెట్టి నాకితే, ఎన్నడూ చెయ్యెత్తని తల్లి చెంప మీద కొట్టిందట. అన్న రాలేదు, టెలిగ్రాం వచ్చింది. అతని శరీరం కూడా సముద్రం దాటి రాలేదు. తల్లి ఆ పంచదారని వాడలేదు, పారేయనూ లేదు. పోయేముందు కూతురి చేతికిచ్చింది.

 సిగ్గుతో ఏడుపొచ్చింది. లేచి మా గరాజ్‌కి పరిగెత్తి చెత్తడబ్బా అడుగుదాకా తిరగేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మా వీధికి చెత్త లారీ గురువారం పొద్దున వస్తుంది. అంటే ఆవిడ ఇంటికి వచ్చిన మంగళవారమూ, ఆ మర్నాడూ ఆ పంచదార ముద్ద మా గరాజ్‌లోనే ఉంది. ఆవిడ ఆ రోజే ఒక్క మాట అని ఉంటే తీసుకొచ్చి ఇచ్చేదాన్ని.

తిరిగి వెళ్ళి, ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. తప్పు నాదై ఉండి, కోపంగా కూడా అడిగాను. ఆవిడ నన్ను కూర్చోమంది.

“చెప్పాలనే అనుకున్నాను. నువ్వు అంత సంతోషంగా చూపిస్తున్నావు, నీ మొహం చూశాక ఆపడానికి మనసొప్పలేదు.”

ఆ మంగళవారం అరగంటసేపు నేను నోరు మూయలేదు.