పసిబొంతల్లో సూది

మిషను కుట్టి బతికిన మా మేనత్తకు దేవుడంటే భక్తి, సూదంటే భయం. మా చర్చి సంఘం ఆడవాళ్లు పసిపిల్లలకు బొంతలు కుడతారు. సగం ఊళ్లో ఆసుపత్రికి, సగం సముద్రం అవతల శరణార్థి శిబిరాలకు వెళ్తాయి. పని ముగిశాక అందరి సూదులూ లెక్కపెట్టి గానీ అత్త పెట్టెలు మూయనిచ్చేది కాదు.

ఆ రోజు లారీ వచ్చేసిందని అందరూ తొందరపెడితే, ముందు పెట్టెలు మూసి ఎక్కించేశారు. తర్వాత లెక్కపెడితే పన్నెండు సూదులకు పదకొండే ఉన్నాయి. లేనిది అత్త సూదే.

ఆమె ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పరుగున వెళ్లి లారీకి అడ్డం నిలబడింది. "దించండి! అన్నీ దించండి!"

"నేల మీదెక్కడో పడుంటుందిలే అక్కా, ప్రార్థన చేద్దాం," అంది పాస్టరమ్మ.

"ప్రార్థన నువ్వు చెయ్యి తల్లీ, బొంతలు నేను చూస్తా. పసిగుడ్డుకి గుచ్చుకుంటే ఎందుకేడుస్తోందో కూడా ఎవరికీ తెలీదు!"

సూదిపోట్లు తినీ తినీ ఆమె వేళ్లు ఏనాడో మొద్దుబారాయి. అందుకని నేను విప్పి ఇచ్చిన ఒక్కో బొంతనూ చెంపకేసి గట్టిగా రుద్దుకుంది. ఇరవై అయ్యాయి, ముప్పై అయ్యాయి. హారన్ మోగిస్తున్న డ్రైవరు కూడా దిగొచ్చి పెట్టెలు దించాడు.

ముప్పై ఏడో బొంత దగ్గర "అబ్బా!" అంది. చెంప మీద నెత్తుటి బొట్టు.

అందరం కంగారుగా చుట్టూ మూగాం. అత్త సూది బయటికి లాగి, కూలబడి, అప్పుడు ఊపిరి తీసుకుంది.

"అమ్మయ్య," అంది. "నాకే గుచ్చుకుంది."