ఊరేగింపు స్టేటస్

మల్కాపురంలో తమ్ముడి పెళ్ళి ఊరేగింపులో డప్పులకు చిందేసి, ఆ వీడియో ఫోన్‌లో స్టేటస్‌గా పెట్టాను. హోంవర్క్ పంపడానికని నా క్లాసు పిల్లల తల్లిదండ్రుల నంబర్లన్నీ నా సొంత ఫోన్‌లోనే ఉన్నాయని, వాళ్ళంతా అది చూస్తారని తోచనే లేదు.

సోమవారం ప్రిన్సిపాల్, టీచరు వీధిలో చిందేయడమేమిటని నా క్లాసు తీసేసి, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేయమన్నారు. స్టాఫ్‌రూంలో నా పక్కన కూర్చునేవాళ్ళు లేరు. ఒళ్ళు మండింది. తమ్ముడి పెళ్ళిలో కాకపోతే ఇంకెవరి పెళ్ళిలో ఆడాలి?

గేటు దగ్గర ఒక పాప తల్లి, చేపలమ్మే ఆవిడ, మాత్రం అడిగింది: "టీచరమ్మా, స్టేటస్‌లెట్టడం మానేసినారేటి? మా పాప రోజూ ఎతుకుతంది."

మానలేదు. చూడగలిగేవాళ్ళలో మా అమ్మనొక్కదాన్నే ఉంచాను. అమ్మకు స్టేటస్ తెరవడం రాదు.