అరవై నాలుగు దగ్గర తప్పిన దారి

ఈ ఉదయం పత్తి తీస్తుంటే ఎండిన కాయ మొన వేలికి గుచ్చుకుంది. ఆ చురుకుతో పాటే దూదిలోని గింజ గట్టిగా తగిలి, సీతారావమ్మత్తయ్య గుర్తుకొచ్చింది. దర్శి దగ్గర మా ఊళ్లో పక్కింటావిడ. బంధువు కాదు, పిలుపుకే అత్తయ్య. ఏడో తరగతితో బడి మానేసిన నాకు లెక్కల మీద ఆశ పుట్టించింది ఆవిడే.

పనిలేని మధ్యాహ్నాల్లో చేటలో పత్తి గింజలు పోసుకుని అరుగు మీద కూర్చునేది. పన్నెండు గింజలుంటే వరుసకు ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు, పన్నెండు చొప్పున, ఒక్కటీ మిగలకుండా ఆరు రకాలుగా పేర్చవచ్చు. ఆ ఆరును పన్నెండుకు కలిపితే పద్దెనిమిది. మళ్లీ పద్దెనిమిదిని ఎన్ని రకాలుగా పేర్చవచ్చో చూసి, దాన్నీ కలపాలి. అలా ఒకటితో మొదలుపెట్టి, గింజలు చాలని పెద్ద సంఖ్యలను కాగితం మీద భాగిస్తూ, ఏళ్ల తరబడి ఆరు నోటుపుస్తకాలు నింపింది. ఎందుకని ఎవరైనా అడిగితే, తర్వాత ఏమొస్తుందో చూద్దామని అనేది.

చూపు మందగించాక, మొదటి నుంచీ ఒకసారి సరిచూడమని ఆ పుస్తకాలు నాకిచ్చింది. మొదటి పేజీలోనే తప్పు దొరికింది. పత్తి విత్తేటప్పుడు మేం నిలువు సాళ్లూ అడ్డసాళ్లూ వేరువేరుగా లెక్కపెడతాం. 4, 9 దగ్గర జాగ్రత్తపడిన మనిషి 64 దగ్గర మాత్రం ఆ అలవాటు కొద్దీ, ఎనిమిది వరుసలు ఎనిమిదేసి గింజల పేర్పును నిలువుకొకటి, అడ్డానికొకటి అని రెండుగా లెక్కేసింది. ఏడు రకాలు ఎనిమిదయ్యాయి. 71 రావలసిన చోట 72 వచ్చింది. ప్రతి సంఖ్యా తన ముందుదాని మీద నిలబడేదే కనుక, ఆరు పుస్తకాలూ వృథా అనుకున్నాను. రెండు రోజులు ఆ గుమ్మం వైపు వెళ్లలేదు. అంతా సరిగ్గానే ఉందని చెప్పేద్దామని కూడా అనిపించింది.

మూడో రోజు ఆవిడే మా ఇంటికొచ్చింది. నా ముఖం చూస్తూనే, "ఎక్కడ తప్పానే?" అంది.

చెప్పాను. "ఇది దాచిపెడితే నువ్వు సరిచూసినట్టెట్టా అవుద్దే? కాగితం తియ్యి. 71 నుంచి నువ్వెయ్యి, నేను వింటా" అంది.

71, 73, 75, 81. నేను వేసి చదువుతుంటే ఆవిడ మనసులో భాగించుకుంటూ ఊ కొట్టింది. రెండుసార్లు ఆపి నన్నే సరిదిద్దింది. 230, 238, ఆ తర్వాత 246. ఈ సంఖ్యను ఎక్కడో చూసినట్టనిపించి పాత పుస్తకం తెరిచాను. 72 నుంచి నడిచిన తప్పు దారిలోనూ 225, 234, 246 అని ఉంది. 246 తర్వాత ఎవరు వేసినా వచ్చేది ఒకటే. అక్కడి నుంచి ఆరో పుస్తకం చివరిదాకా ఆవిడ రాసినదంతా నిలబడింది. మొత్తం మీద తప్పినవి ఇరవై ఐదు సంఖ్యలు.

"కలిసింది అత్తయ్యా" అన్నాను. ఏ తప్పయినా ఇలాగే కలుస్తుందా అని అడిగాను.

"నాకేం తెలుసే? వేసి చూడాలి."

72ను మాత్రం కొట్టేయనివ్వలేదు. దాని పక్కనే సరైన వరుస రాయించింది.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. నేనిప్పుడు వేరే వేరే సంఖ్యలతో మొదలుపెట్టి, అవి ఆవిడ వరుసలో ఎక్కడ కలుస్తాయో చూస్తుంటాను. 11 తొందరగానే 38 దగ్గర కలిసింది. 27 కాస్త తిరిగి 73 దగ్గరికొచ్చింది. ఎప్పటికీ కలవనిది ఉందో లేదో తెలియదు. నా లెక్కలో తప్పు దొరికిన రోజు పుస్తకం మూసేయను. పక్కనే సరైనది రాసి ముందుకు వేస్తాను. ఇప్పుడు వేస్తున్నది నాలుగు పేజీలుగా విడిగానే నడుస్తోంది. ఇవాళ ఐదో పేజీ మొదలుపెట్టాను.