కౌజుల గుట్ట తూర్పు వైపు

మా ఎదురింటివాళ్ళు మిద్దె మీద మిద్దె వేస్తున్నారు. మొన్న పొద్దున ఒక టిప్పరు వచ్చి మా వాకిలి ముందరే కంకర దించింది. తొట్టి పైకి లేవగానే ముందు నాలుగు రాళ్ళు టకటకమని రాలాయి, ఆ తర్వాత మొత్తం ఒక్కసారిగా జర్రున జారింది. దుమ్ము అణగడానికి డ్రైవరు దాని మీద రెండు బిందెల నీళ్ళు చల్లాడు. పగిలిన రాయి తడిస్తే ఒక వాసన వస్తుంది. అది వాన వాసన కాదు, మట్టి వాసన కాదు. అగ్గిపుల్ల గీసి ఆర్పినట్టు ఉంటుంది. కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లో నిలబడిన నేను లోపలికి వచ్చేశాను. ప్రొద్దుటూరులో ఇల్లు కట్టుకునేవాళ్ళంతా కంకర తెప్పించుకుంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ రాయి ఎక్కడిదని డ్రైవరును అడగడానికి మాత్రం నాకు నోరు రాలేదు. ఆ పూటంతా మస్తాన్ మామే కళ్ళ ముందు తిరిగాడు.

మస్తాన్ మామ నాకు చుట్టం కాదు. మాది గొర్రెలు కాచే ఇల్లు, ఆయన ముస్లిం. మా వైపు పెద్దవాళ్ళను మామా అని పిలవడానికి కులమూ మతమూ అడ్డం రావు. పిలిచాక ఆ వరస నిజంగానే నిలబడుతుంది. ఆయన నన్ను చివరిదాకా అల్లుడా అనే పిలిచాడు, ఆ పిలుపుకు నేను తగనప్పుడు కూడా. పన్నెండేళ్ళు కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు తోలి తిరిగొచ్చి, జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారిలో మా ఊరి క్రాసు దగ్గర పంక్చరు షాపు పెట్టుకున్నాడు. షాపు వెనకే ఇల్లు. షాపు ముందర నిలబడితే ఎదురుగా కౌజుల గుట్ట కనబడేది. సర్కారు రికార్డులో దాని పేరు గుట్ట పోరంబోకు. అంటే ఎవరిదీ కానిది. మా నాయన లెక్కలో మాత్రం అది ఊరందరిది, దాని మీద తిరిగే కౌజు పిట్టలది కూడా.

కువైట్ పోయొచ్చినవాళ్ళు మిద్దె కడతారు, కారు కొంటారు. ఈయన గుట్ట వెంట పడ్డాడేమిటని ఊళ్ళో నవ్వేవాళ్ళు. నేనూ ఒకసారి అడిగాను. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తూనే జవాబు చెప్పాడు.

“ఆడ దినామూ ఇసకే అల్లుడా. పొద్దున ఇసక, మాపున ఇసక. కండ్లు మూసుకుంటే మీ అత్త కన్నా ఈ గుట్టే శానాసార్లు కలలోకొచ్చినాది.”

లోపలి నుంచి ఖాసింబీ అత్త గొంతు వినబడింది. “అట్లనా! అయితే ఈ పూట సంగటి ఆ గుట్టనే కెలికి పెట్టమను, ఓబులేసూ!”

“చూస్తివా, దానికి సవితి పోరు,” అని మామ నవ్వాడు.

ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఆయన గుట్ట ఎక్కేవాడు. వచ్చేవాళ్ళుంటే వెంటబెట్టుకునేవాడు, లేకపోతే ఒక్కడే. చంకలో పొడుగాటి నోటు పుస్తకం. కౌజులు ఎన్ని లేచాయి, ఉడుము ఎక్కడ కనబడింది, బలుసు పండ్లు మాగాయా, తూర్పు వైపు దొనలో నీళ్ళు ఎంత లోతున్నాయి, అన్నీ రాసేవాడు. దొన అంటే బండల మధ్య దానంతటదే ఏర్పడిన గుంత. వానాకాలం నిండితే ఉగాది దాటాక కూడా తడి ఉండేది. కొన్ని వారాలు ఆ పుస్తకంలో ‘ఈరోజు ఏమీ కనపడలేదు’ అని ఒక్క వాక్యమే ఉండేది. ఆ మాట కూడా రాయడం దేనికని అడిగాను. “కనపడని దినం రాయకపోతే, కనపడినాయని రాసిన దినాన్ని ఎవురు నమ్ముతారప్పా?” అన్నాడు. అప్పటికి నేను ఊరి రెవెన్యూ అధికారిని. రాయడమే నా ఉద్యోగం. అయినా ఆ మాటలో నాకు సంబంధించింది ఏదో ఉందని తట్టలేదు.

ఇక నా తప్పు చెప్పాలి. నా భార్య ప్రొద్దుటూరులో టీచరు. పిల్లలు అక్కడే చదువుతున్నారు. నేను ఊళ్ళో, వాళ్ళు టౌన్లో. బదిలీ కోసం మూడేళ్ళు తిరిగాను. ఆ రోజుల్లో ఒక కాంట్రాక్టరు కౌజుల గుట్ట మీద కంకర మిషను పెట్టుకోవడానికి అర్జీ పెట్టాడు. దాని మీద కింది నుంచి రిపోర్టు రాయవలసింది నేను. ఊళ్ళో దండోరా వేయించి, అభ్యంతరాలు ఉంటే తీసుకుని, గుట్ట ఎక్కి చూసి పంచనామా రాయాలి. రిపోర్టు ఇబ్బంది లేకుండా ఉంటే నా బదిలీ సంగతి తాను చూసుకుంటానని కాంట్రాక్టరు అన్నాడు. బెదిరించలేదు, చేతిలో ఏమీ పెట్టలేదు. మర్యాదగానే అడిగాడు. నేను కూడా అంతే మర్యాదగా ఒప్పుకున్నాను.

దండోరా మే నెలలో వేయించాను. మా కాపరులు ఎండాకాలం ఊళ్ళో ఉండరు. గుట్ట ఎండిపోతే మందలు తోలుకుని కేసీ కాలువ కిందికి పోతారు. కోసిన వరి మళ్ళలో గొర్రెలను ఆపితే రైతుకు ఎరువు, వీళ్ళకు తిండిగింజలు. తొలి వాన పడితేనే తిరిగి వస్తారు. ఆ నెలలో ఊళ్ళో ఒక్క కాపరి కూడా ఉండడన్న సంగతి మా ఆఫీసులో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అది నాకు ఉద్యోగంలో చేరాక తెలిసిన సంగతి కాదు. చిన్నప్పుడు మా నాయన మంద వెనక నడిచి నేను తెలుసుకున్నది. మామ కూడా ఆ వారం కూతురి కాన్పని పులివెందుల పోయి ఉన్నాడు. డప్పు మోగింది. విన్నది టీ అంగడి కాడి నలుగురు. వాళ్ళ చేతనే సంతకాలు పెట్టించి, అక్కడే బల్ల మీద పంచనామా రాశాను. మేత లేదు. నీటి వసతి లేదు. అడవి జంతువులు లేవు. అభ్యంతరాలు రాలేదు. ఇవన్నీ రాసిన నేను గుట్ట ఎక్కనే లేదు. ఎక్కినా మే నెలలో ఎండిన కంపే కనబడుతుంది కాబట్టి అబద్ధం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. నెల తిరక్కుండా ప్రొద్దుటూరు బదిలీ వచ్చింది.

వానలకు మందలు తిరిగొచ్చేసరికి గుట్ట కింద సున్నపు గీతలు గీసి ఉన్నాయి. మామ షాపు మూసి జమ్మలమడుగూ కడపా తిరగడం మొదలుపెట్టాడు. కాపరులను పోగుచేసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, గుట్ట మీద వాళ్ళు చూసినవన్నీ వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాడు. ఆ పని చూడ్డానికని కాదు గానీ, ఒక ఆదివారం ఊరికి వచ్చి షాపు దగ్గర ఆగాను. ప్రొద్దుటూరు నుంచి ఒక కుర్రవాడు కెమెరా వేసుకుని వచ్చి ఉన్నాడు. మంచివాడే. సాయం చేద్దామనే వచ్చాడు.

“మస్తాన్ భాయ్, ఒక్క మాట చాలు,” అంటున్నాడు. “ఈ గుట్ట మీద కలివికోడిని చూసినామని రాయండి. ప్రపంచంలో మన జిల్లాలో తప్ప యాడా లేని పిట్ట. ఆ పేరు వింటే కంకర మిషను కాదు కదా, కోడిపుంజును గూడా గుట్ట ఎక్కనీరు.”

కాపరులు నవ్వారు. ఒకాయన, “నేను చూసినానని రాయి మామా, నా ముసలి కండ్లకు యా పిట్టయినా ఒగటే,” అన్నాడు.

మామ నవ్వలేదు. “లేదప్పా. నేను చూడలా. మా నాయనా చూడలా. లేని పిట్టను చూపిస్తే, రేపు ఉన్న పిట్టలన్నీ అబద్ధమైతాయి.”

“అట్లయితే గుట్ట పోతాది భాయ్.”

“పోనీ. కౌజులు ఉండాయి, చెవులపిల్లులు ఉండాయి, ఉడుములుండాయి. అవి చాలకపోతే వాళ్ళ ఇష్టం.”

నేను టీ తాగకుండానే బస్సెక్కాను. గుట్టను కాపాడుకోవడానికి కూడా ఆయన ఒక్క అబద్ధం రాయనన్నాడు. నేను ఒక బదిలీ కోసం నాలుగు రాశాను. దారిపొడుగునా కిటికీలోంచి బయటికి చూడలేదు.

చివరికి పై అధికారి ఒకాయన గుట్ట దగ్గరికే విచారణకు వచ్చాడు. రిపోర్టు రాసింది నేను కాబట్టి నన్నూ పిలిపించాడు. ఒక వైపు కాంట్రాక్టరు మనుషులు, ఇంకో వైపు నలభై మంది కాపరులు, వాళ్ళ ముందు మామ, మామ పక్కన మా నాయన. అధికారి చెడ్డవాడు కాదు. మామ పుస్తకం తీసుకుని ఓపిగ్గా పేజీలు తిప్పాడు. “అరుదైన పక్షులేమైనా ఉన్నాయా?” అని అడిగాడు. “మాకు తెల్సి లేవు సార్,” అన్నాడు మామ. మా నాయన ముందుకొచ్చి, “దండోరా వేసినప్పుడు మేమంతా కాలువ కింద ఉంటిమి సార్. మాకెవురూ చెప్పలా,” అన్నాడు. అధికారి నా వైపు తిరిగాడు. “ఏమయ్యా, నీ రిపోర్టు సరైనదేనా? గుట్ట ఎక్కి చూశావా?”

మామ నన్నే చూస్తున్నాడు. మా నాయన మాత్రం తన చేతికర్ర వైపు చూసుకుంటున్నాడు.

“చూశాను సార్. సరైనదే,” అన్నాను.

తూర్పు వైపు కంకర మిషనుకు పోయింది. మామ పుస్తకమూ కాపరుల మాటలూ ఉన్నందువల్ల పడమటి వైపు అప్పటికి మేతకు ఉంచారు. అందరూ వెళ్ళిపోయాక మామ నన్ను షాపుకు పిలిచి స్టూలు వేశాడు. ఆయన తిడితే బాగుండునని ఎదురుచూశాను. తిట్టలేదు.

“నేను గుట్ట ఎక్కలేదని టీ అంగడి కాడోళ్ళు నీకు చెప్పినారు గదా మామా. ఆడనే ఎందుకు చెప్పలేదు?”

“ఏం జెప్పేది? మీ నాయన నా పక్కనే నిలబడి ఉండె. ఆయప్ప ముందర నిన్ను దొంగను చేసేదా?” తానూ ఎదురుగా కూర్చుని, “నువ్వు చెప్తావనుకొంటి. అది నా తప్పు,” అన్నాడు.

ఆ రాత్రికి ఇంటికి పోతే మా నాయన అన్నం తింటూ మా అమ్మతో అన్నాడు, నాతో కాదు. “మేమెప్పుడు పోతామో వానికి తెలుసునే.” ఆ తర్వాత ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

రెండేళ్ళకు కాంట్రాక్టరు పడమటి వైపు కూడా కావాలన్నాడు. అప్పటికి మా ఊరికి అధికారి లేక, అదనపు బాధ్యతగా ఆ ఫైలు మళ్ళీ నా బల్ల మీదికే వచ్చింది. నేను దాన్ని తీసుకుని నేరుగా పంక్చరు షాపుకు పోయాను. “మామా, ఏం రాయమంటావో చెప్పు, అట్లనే రాస్తా,” అన్నాను. ఆయన చేతులకున్న గ్రీసు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

“నేను చెప్పను. నేను రాస్తే అర్జీ అయితాది, నువ్వు రాస్తే రికార్డు అయితాది. పోయి నీ కండ్లతో చూసి రాయి.”

మూడు రోజులు గుట్ట ఎక్కి దిగాను. మందలు ఊళ్ళో ఉన్న నెలలోనే దండోరా వేయించాను. చూసిందే రాశాను. చివర్లో, ఇదే గుట్ట మీద రెండేళ్ళ కిందట నేనిచ్చిన రిపోర్టు గుట్ట ఎక్కకుండా, కాపరులు లేని సమయం చూసి రాసిందని, అది నా తప్పేనని రాసి సంతకం పెట్టాను. పడమటి వైపు నిలిచింది. నాకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది, పులివెందుల దాటి ఒక మూల ఊరికి పంపారు. నా భార్య ఏడ్చింది. పిల్లలు నన్ను వారానికోసారి చూసేవారు.

పోయే ముందు మామకు చెప్పడానికి వెళ్ళాను. మెచ్చుకుంటాడనుకున్నాను. దాచుకోవడమెందుకు, మెచ్చుకోవాలనే వెళ్ళాను. ఆయన నాకు టీ తెప్పించి, భుజం మీద చెయ్యి వేశాడు. “మంచి పని చేసినావు,” అన్నాడు. నేను ఇంకా ఏదో వినాలని కూర్చున్నాను. అటు మిషను శబ్దం ఆగకుండా వినబడుతోంది. ఆయన ఆ వైపు చూసి, మెల్లగా అన్నాడు. “అల్లుడా, ఆ కాయితం మీదా నీ సంతకమే, ఈ కాయితం మీదా నీ సంతకమే. రొండూ ఆఫీసులోనే ఉంటాయి. ఒకటి ఇంకోదాన్ని తినేయదు.” అందులో కోపం లేదు. పంక్చరు ఎక్కడుందో చూపించే గొంతుతోనే చెప్పాడు. నేను మారిపోయానని, అంతటితో చెల్లిపోయిందని అనుకునే అవకాశం ఆయన నాకివ్వలేదు. అప్పుడు కష్టమనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, నా విషయంలో అంత నిజంగా ఉన్న మనిషి ఇంకొకరు లేరు.

మామ పోయి మూడేళ్ళయింది. నేను రిటైరయ్యి ప్రొద్దుటూరులోనే ఉన్నాను. టిప్పరు వచ్చిన మర్నాడు ఒక ఫోను వచ్చింది. మా ఊళ్ళో కొత్తగా చేరిన అధికారి, చిన్న వయసు అమ్మాయి. కాంట్రాక్టరు మళ్ళీ పడమటి వైపుకు అర్జీ పెట్టాడట.

“సార్, ఫైల్లో మీవే రెండు రిపోర్టులు ఉండాయి. ఒకదాంట్లో ఏమీ లేదని, ఇంకోదాంట్లో అన్నీ ఉన్నాయని. యాది నమ్మమంటారు?”

రెండోదని చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. “రెండూ పక్కన పెట్టమ్మా. నువ్వే ఎక్కి చూడు. మందలు ఊళ్ళో ఉన్నప్పుడు పో. కాపరుల్ని అడుగు,” అన్నాను.

“సరే సార్. మీ మొదటి రిపోర్టులో గుట్ట హద్దులు రాసినారు గదా, తూర్పు తట్టు నుంచి దారి తక్కువని. ఆ తట్టు నుంచే ఎక్కుతాను.”

లైను తెగిందనుకుని ఆ పిల్ల హలో హలో అంటోంది.

“ఆ తట్టు గుట్ట లేదమ్మా,” అన్నాను.