రైలు గేటు ముందు ఫుకుతోమి గ్యారేజీ

ఫుకుతోమి ఇసాము గ్యారేజీలో బాగైన ప్రతి బండికీ చివరి పరీక్ష రోడ్డు మీద జరిగేది. ఆ సంగతి బండి యజమానులకు తెలియదు. బండిని అతనే బయటికి తెచ్చి, చలికాలమైతే లోపల వెచ్చబడేదాకా ఇంజన్ నడిపి ఉంచి, యజమానిని కూర్చోబెట్టి తలుపు వేసేవాడు. తరువాత రోడ్డు అంచున నిలబడి నడుము వంచేవాడు. బండి కనుమరుగయ్యేదాకా తల ఎత్తేవాడు కాదు. ఎంత మర్యాదస్తుడో అని ఊరంతా మెచ్చుకునేది. మర్యాద లేకపోలేదు గానీ, తల వంచి ఉన్నప్పుడు మనిషికి చెవి బాగా పనిచేస్తుంది. గ్యారేజీకి కూతవేటు దూరంలో రైలు గేటు ఉంది. రైలు వస్తున్నా రాకున్నా దాని ముందు ప్రతి బండీ పూర్తిగా ఆగి మరీ కదలాలని చట్టం. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ కదిలే ఆ కాస్తలో ఇంజన్ తన జబ్బంతా చెప్పేసుకుంటుందని ఇసాము నమ్మకం. అందుకే ఏరి కోరి ఆ స్థలం కొన్నాడు.

పదిహేనో ఏట పనిలో చేరినప్పుడు గురువు ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను నడుస్తున్న ఇంజన్‌కు ఆనించి, పిడిని ఇతని చెవికి అదిమి పట్టాడు. ఏం వినిపించిందని అడిగితే ఏమీ లేదన్నాడు ఇసాము. ఠపీమని మొట్టికాయ పడింది. అలా మొట్టికాయలు తింటూ తింటూ విన్నాడు. చివరికి ఏ గొట్టం కారుతోందో, ఏ బేరింగు అరిగిందో కళ్ళు మూసుకుని చెప్పే స్థితికి వచ్చాడు. గురువు పోయాక ఆ స్క్రూడ్రైవర్ ఇతనిదైంది. పని చొక్కా జేబులో పెన్నులా ఎప్పుడూ అదే ఉండేది.

తరువాత కార్లకు తెలివి వచ్చింది. బ్రేకు తొక్కి ఆపితే ఇంజన్ దానంతటదే ఆరిపోతుంది, కాలు తీస్తే దానంతటదే లేస్తుంది. నాలుగు చుక్కల పెట్రోలు మిగులుతుందట. ఆ నాలుగు చుక్కల కోసం పొద్దస్తమానం పడుతూ లేస్తూ ఉండే ఇంజన్‌కు ప్రత్యేకమైన బ్యాటరీ కావాలి. దాని ధర వింటే గుండె గుభేలుమంటుంది, పైగా అది తొందరగా చస్తుంది. మిగిలిన పెట్రోలు ఎవరి జేబులోకి పోయిందో చెప్పే నాథుడు లేడు. ఈ గోల వద్దనుకునేవాళ్ళకు ఒక బటన్ పెట్టారు. నొక్కితే ఆ పూటకు ఊరుకుంటుంది. బండి ఆపి మళ్ళీ తీస్తే కథ మొదటికొస్తుంది. వద్దని చెప్పినా వినని మనిషిని గడప తొక్కనివ్వం, అలాంటి కారునైతే డబ్బిచ్చి మరీ తెచ్చుకుంటాం. ఇక పైమూత ఎత్తితే ఇంజన్ కనబడదు, దాని మీద ఇంకో ప్లాస్టిక్ మూత. స్టీరింగు ముందు దీపం వెలుగుతుంది, ఏం రోగమో చెప్పదు, షోరూముకు పొమ్మంటుంది. రోగమేమిటో కారునే అడిగి తెలుసుకునే యంత్రం ఒకటుంది. ఇసాము భార్య తోషియే అది కొందామని ఎన్నోసార్లు పోరింది. తనకు చెవులు ఉన్నాయన్నాడు ఇసాము. చెవుల వల్ల కాదని తేలాక బండ్లవాళ్ళంతా ఒక్కొక్కరే షోరూముకు మళ్ళారు.

మిగిలింది యోనెహారా సుమియే ఒక్కతే. భర్త పోయాక సోయాపాల జున్ను, అదే తోఫు, అమ్మే కొట్టు తనే నడుపుతూ, చిన్న వ్యాన్‌లో జాలరి సందులన్నీ తిరిగి అమ్ముకొచ్చే మనిషి. ఆమెకు బండి నడపడం నేర్పింది కూడా ఇసామే. రైలు పట్టాల మీద ఇంజన్ ఆగిపోతే మొదటి గేరులో పెట్టి తాళం చెవి తిప్పి పట్టుకోండి, బండి పాక్కుంటూ బయటపడుతుందని అప్పట్లో నూరిపోశాడు. సుమియే వస్తున్నన్నాళ్ళూ గ్యారేజీ తలుపు తీస్తాను, ఆమె మానేసిన రోజు మూసేస్తాను అని తోషియేతో అనేవాడు. అది ఒట్టు లాంటి మాట.

ఆ సుమియే కూడా కొత్త వ్యాన్ కొంది. సందు మలుపుకో బేరం, బేరానికోసారి ఇంజన్ ఆరిపోవడం.

"ఫుకుతోమి గారూ, నేను బ్రేకు తొక్కడం ఆలస్యం, ఇది చచ్చి ఊరుకుంటోంది. నలుగురిలో సిగ్గుగా ఉందండీ. మీరు చెబితేనన్నా వింటుందేమో చూద్దురూ" అంది.

ఇసాము ఆ బటన్ మీద ఎర్ర టేపు అంటించి, బండి తీయగానే ముందు దీన్ని నొక్కమన్నాడు. ఆ చలికాలం బ్యాటరీ చచ్చింది. బటన్ నొక్కితే ఇంజన్ ఎటూ ఆగదు కదా, ఆ ఖరీదైన బ్యాటరీ ఎందుకని మామూలుది వేశాడు. ఆమె మేలుకోరే వేశాడు. లెక్క ప్రకారం అందులో తప్పూ లేదు. ఎవరూ ఎప్పుడూ బటన్ మరవకుండా ఉంటే చాలు.

వసంతం వచ్చాక ఇంజన్ నూనె మార్చడానికి బండి మళ్ళీ వచ్చింది. పని అయ్యేసరికి వాన పట్టుకుంది. ఇసాము ఎప్పటిలాగే బండిని ముందుకు తెచ్చాడు. అద్దాల మీద ఆవిరి పోయేదాకా ఇంజన్ నడిపి ఉంచాడు. గొడుగు పట్టి సుమియేను ఎక్కించి తలుపు వేశాడు. ఆ హడావుడిలో బటన్ నొక్కలేదు. బండి ఆయన చేతుల మీదుగా, నడుస్తూనే వచ్చింది కాబట్టి అన్నీ ఆయనే చూసుకుని ఉంటాడని సుమియే దాని వైపు చూడలేదు.

ఇసాము వంగాడు. గేటు ముందు వ్యాన్ ఆగింది, ఇంజన్ ఆరింది. అతనికి బటన్ అప్పుడు గుర్తొచ్చింది. ఇంజన్ ఒకసారి దగ్గి లేచింది. ఆ దగ్గు బాగా లేదు. అంతలో మళ్ళీ నిశ్శబ్దం. ఇంకోసారి ఆగి ఉంటుందిలే, ఇప్పుడు లేస్తుందిలే అనుకుని తల వంచుకునే ఉన్నాడు. జీవితమంతా చప్పుడునే నమ్ముకున్నవాడికి నిశ్శబ్దంతో ఏం చేయాలో తెలియలేదు. గేటు గంట మోగడం మొదలయ్యాక గానీ తల ఎత్తలేదు. వ్యాన్ పట్టాల మీద ఉంది. దీపాలు కూడా లేవు, మామూలు బ్యాటరీ చేతులెత్తేసింది.

పరుగెత్తాడు. పరుగెత్తుతూనే "మొదటి గేరు! తాళం తిప్పండి!" అని అరిచాడు. ఆ బండికి మొదటి గేరు అనేది లేదు, తిప్పడానికి తాళం చెవీ లేదు. సుమియే భయంతో గేరు కర్రను పార్కింగ్‌లోకి నెట్టి స్టార్టు బటన్ నొక్కుతూ కూర్చుంది. కరెంటు చచ్చాక ఆ కర్ర ఇక అందులోంచి బయటికి రాదు. వెనక నుంచి ఇసాము భుజం ఆనించి నెట్టాడు. చక్రాలు బిగుసుకుపోయాయి, బండి బండరాయిలా కదల్లేదు. ఆమెను రెక్క పట్టుకుని కిందికి లాగి, రైలును ఆపమని చెప్పే, గేటు స్తంభానికున్న ఎర్ర మీట నొక్కాడు.

రైలు దూరంగానే ఆగింది. ఒంటి పెట్టె రైలు. కిటికీల్లోంచి స్కూలు పిల్లలు చూస్తున్నారు. సుమియే వానలో తడుస్తూ రైలు వైపు తిరిగి ఒకసారి, వెనక ఆగిన కార్ల వైపు తిరిగి ఒకసారి వంగి వంగి క్షమాపణ చెప్పుకుంది. ఇసాము పక్కన వంగాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

సాయానికి వచ్చిన లారీ డ్రైవరు గేరు కర్ర పక్కనున్న గోరంత మూత తీసి, చొక్కా జేబులోంచి తీసిన సన్నటి స్క్రూడ్రైవర్‌తో లోపల పొడిచాడు. కర్ర కదిలింది. బండితో ఇచ్చే పుస్తకంలో ఉందండీ అన్నాడు, మామూలుగానే. ఇసాము చెయ్యి తన జేబు మీదికి పోయింది. గురువు ఇచ్చింది అక్కడే ఉంది.

మర్నాడు సూటు వేసుకుని, మిఠాయి పెట్టె గుడ్డలో చుట్టుకుని తోఫు కొట్టుకు వెళ్ళాడు. ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని దారి పొడుగునా అనుకున్నాడు. సుమియే తడి చేతులు తుడుచుకుని మిఠాయి అందుకుంది. కళ్ళు మాత్రం కౌంటరు మీదే ఉంచింది.

"బండి బాగుకు షోరూములోనే ఇచ్చేశానండీ. మీకెందుకు మళ్ళీ శ్రమ. ఇన్నేళ్ళూ ఎంతో చేశారు" అంది. వెళ్ళేటప్పుడు తోఫు పొట్లం కట్టి ఇచ్చింది. రాత్రి తోషియే అది పులుసులో వేస్తే ఇసాము ముట్టలేదు.

గ్యారేజీ మూశాడు. ఒట్టు కదా. షట్టరు మీద కాగితం అంటిస్తున్న రోజే తోఫు కొట్టు తెల్ల వ్యాన్ అటుగా వచ్చింది. అతన్ని చూసి సుమియే వేగం తగ్గించి, లోపలి నుంచే తల వంచి, ముందుకు సాగింది. ఇసాము రోడ్డు అంచుకు వెళ్ళి నడుము వంచాడు. అలవాటు. గేటు ముందు బండి ఆగింది, ఇంజన్ ఆరింది. అతను ఊపిరి బిగబట్టి విన్నాడు.

ఇంజన్ లేచింది. దగ్గు లేదు, వణుకు లేదు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. బండి పట్టాలు దాటి సముద్రం వైపు మలుపు తిరిగింది. చప్పుడు పూర్తిగా అణిగిపోయాక కూడా ఇసాము తల ఎత్తలేదు.